సరిజోడు అని ఎవరు వెతుకుతారు?

జూన్ 3

గడుగ్గాయ్‌కి,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం రాయమంటే ఈ కాలం పిల్లలు ఎగాదిగా చూస్తారు, నువ్వు మాత్రం బుద్ధిగా నాలుగు పేజీలు రాశావు. ఫోన్లో అయితే నువ్వు చెప్పేదాంట్లో సగం నాకు వినపడదు, వినపడిన సగం అర్థం కాదు. పోనీ మీ అత్తయ్యని మధ్యలో పెట్టుకుందామా అంటే, నీ మాట నాదాకా వచ్చేసరికి అందులో ఆవిడ సొంత అభిప్రాయాలు ఓ నాలుగు కలుస్తాయి. కాబట్టి కాగితమే మేలు.

నువ్వడిగిన సంగతి ఇదీ. షాపు అద్దె కాగితం ఈ ఏడాది చివరితో అయిపోతోంది. ఉంటారో, ఖాళీ చేస్తారో నవంబరు నెలాఖరులోగా చెప్పమన్నాడు ఇల్లుగలాయన. ఇంకోపక్క, పెద్ద రోడ్డు మీద కొత్తగా పెట్టిన చెప్పుల షోరూమువాళ్ళు నన్ను పనిలోకి రమ్మంటున్నారు. వచ్చినవాళ్ళ పాదాలు కొలవడమే పనిట. కుట్టక్కర్లేదు, కొయ్యక్కర్లేదు. చల్లటి గది, మెత్తటి కుర్చీ. వాళ్ళకి కూడా నవంబరులోగానే జవాబు చెప్పాలి.

ఇక్కడ చూస్తే నా వ్యాపారం నీకు తెలిసిందేగా. ఒక కాలు పొట్టిగా, ఒక కాలు పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఆ తేడా బయటికి కనపడకుండా జోళ్ళు కుట్టడం తప్ప నాకింకోటి రాదు. పాతవాళ్ళు పెద్దవాళ్ళైపోయి నడవడం తగ్గించారు. కొత్తవాళ్ళకి నేనున్నట్టే తెలీదు. వారానికి ఒకరు గుమ్మం తొక్కితే ఆ రోజు మీ అత్తయ్య టీలో పంచదార ఎక్కువేస్తుంది. "ఆ షోరూముకి వెళ్ళవయ్యా, నీ నడుమన్నా మిగుల్తుంది" అంటోంది.

నువ్వేమో ఆన్‌లైన్‌లో ప్రచారం చేయడం నేర్చుకున్నానంటావు. జనం ఏ మాట కొట్టి వెతుకుతారో కనిపెట్టి, ఆ మాట నా షాపు పేజీలో పెడితే వాళ్ళంతా తిన్నగా నా గుమ్మంలో వాలతారంటావు. ఆ మాటనే కీవర్డ్ అంటారా? సరే, అననీ. నీ మొహం చూసి నవంబరు దాకా ఆగుతాను. నీ దగ్గర దాచడమెందుకు, ఈ షాపు వదలాలని నాకు లేదే. కాళ్ళ కొలతకి చేసుకున్న చెక్క అచ్చులన్నీ అటకెక్కించి, ఎక్కడో ఎవరో కుట్టిన చెప్పులు పట్టుకుని కూర్చోవాలంటే నాకు చచ్చేంత దిగులుగా ఉంది.

వానకి వెనకగది మళ్ళీ కారుతోంది. తోలు చుట్టలన్నీ మంచం మీద పెట్టి మేం కింద పడుకుంటున్నాం. మీ అమ్మ మోకాలు ఎలా ఉంది? నా మాట వినే రకం కాదు గానీ, ఆ చెక్కలాంటి చెప్పులు పారేయమన్నానని చెప్పు.

నీ మావయ్య

*

జూన్ 12

మావయ్యా,

నువ్వు సంతోషంతో ఎగిరి గంతేసే సంగతి చెప్తున్నా. గంతెయ్యకు, నడుం పట్టేస్తుంది.

కీవర్డ్ దొరికింది! ఆఫీసులో లెక్కల పని అయ్యాక వారం రోజులు ఇదే పనిగా కూర్చున్నా. నా గదిలో ఉండే నర్సమ్మాయి "ఎవరికి రాస్తున్నావే ప్రేమలేఖలు" అని ఆటపట్టిస్తోంది. ఏ మాటని ఎంతమంది వెతుకుతున్నారో లెక్క చూపించే ఒక సాధనం ఉంది. అందులో "చెప్పులు" అని కొట్టా. ఆ అంకె చూసి కళ్ళు తిరిగాయి మావయ్యా. ఊరూరా, రోజూ, రాత్రీ పగలూ వెతుకుతూనే ఉన్నారు. వాళ్ళలో నూటికి ఒకరు మన దగ్గరికొచ్చినా నువ్వు తిండి మానేసి కుట్టాలి.

అందుకే పేజీ నిండా ఆ మాట దట్టించాను. ఎన్నిసార్లుంటే అంత మంచిదిట. నెల పాటు ఆ మాట మీద చిన్న ప్రకటన కూడా పెట్టాను, షాపు ఫోన్ నంబరుతో సహా. వెతికినవాళ్ళకి పైనే కనపడుతుంది.

గోడవార బల్ల మీద ఉన్న డబ్బాలన్నీ తీసేయించు. వచ్చినవాళ్ళు కూర్చోవాలి కదా. అత్తయ్యని ఫోన్ పక్కనే ఉండమను.

అమ్మ మోకాలు అలాగే ఉంది. చెప్పుల సంగతి చెప్తే "వాడు పుట్టకముందు నుంచీ నేను నడుస్తున్నా" అంది.

నీ గడుగ్గాయ్

*

జూలై 1

గడుగ్గాయ్‌కి,

బల్ల ఖాళీ చేశాం. మీ అత్తయ్య ఫోన్ పక్కనే ఉంది. ఇంకా ఉంది. ఆవిడ కుడిచెవి ఎర్రగా కందిపోయింది.

మొదటి ఫోను, సాయంత్రం పెళ్ళి ఉంది, బంగారు రంగులో పొడుగు మడమలవి ఉన్నాయా అని. రెండోది, ఇంటికి తెచ్చిస్తారా అని. మూడో ఆయన, నా పాత చెప్పులు మీరు కొంటారా అన్నాడు. ఒక బడివాళ్ళు పిల్లలందరికీ నల్లబూట్లు సోమవారానికల్లా కావాలన్నారు. నాకు ఒక జోడు కుట్టడానికే వారంపైన పడుతుంది, వాళ్ళ బడిలో పిల్లలు పెద్దయి ఉద్యోగాలకి వెళ్ళేదాకా కుడుతూ కూర్చోవాలి. ఒకాయన స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి నాలుగువైపులా చూసి, "ఇంతేనా?" అని వెళ్ళిపోయాడు. నిజమే, ఇంతే.

మీ అత్తయ్య ఒకావిడతో అరగంట మాట్లాడింది. తీరా చూస్తే కాళ్ళ సంగతి కాదు, ఆవిడ కోడలి సంగతి. ఇద్దరికీ స్నేహం కుదిరింది. కాబట్టి నీ ప్రకటన పూర్తిగా వృథా అనలేం.

పక్క ప్రింటింగు షాపాయన మన పేజీ తన కంప్యూటర్‌లో తీసి పైకి చదివాడు. "చెప్పుల కోసం చూస్తున్నారా? చెప్పులంటే మా చెప్పులే చెప్పులు. చెప్పులు కావాలంటే మా చెప్పుల షాపుకి" అని ఉందిట. విన్నంతసేపూ ఎవరో వరసపెట్టి చెప్పులు విసురుతున్నట్టే ఉంది నాకు.

ఇదంతా నిన్ను దెప్పడానికి రాయట్లేదమ్మా. చాలా రోజుల తర్వాత షాపులో సందడిగా ఉంది. కాకపోతే ఇన్ని ఫోన్లలో ఒక్కరికి కూడా నా పనితో పనిలేదు. అదొక్కటే కాస్త చూడు.

తిండి సరిగ్గా తింటున్నావా? పోయినసారి ఫోటోలో మెడ ఎముకలు కనపడ్డాయి.

మావయ్య

*

జూలై 9

మావయ్యా,

అత్తయ్య చెవికి నా క్షమాపణలు. ప్రకటన ఆపేశాను. ఆ చెప్పుల పాఠం కూడా తీసేశాను, నాకే చదవలేక సిగ్గేసింది.

తప్పెక్కడుందో తెలిసింది. ఎక్కువమంది వెతికే మాట పట్టుకుంటే చాలనుకున్నా గానీ, వాళ్ళు ఎందుకు వెతుకుతున్నారో ఆలోచించలేదు. పైగా ప్రకటన ఆపగానే మన పేజీ ఎక్కడుందో చూస్తే ఎక్కడా లేదు. పైనంతా పెద్దపెద్ద కంపెనీలు. వాళ్ళ మధ్య మనం దూరాలంటే దోమ దూరినట్టే.

ఈ ప్రచారం పని నాకు నేర్పినావిడ చెప్పింది, మొదలుపెట్టేవాళ్ళు పోటీ తక్కువున్న మాట చూసుకోవాలని. అప్పుడు వెలిగింది. సరిజోడు! మావయ్యా, ఇన్నాళ్ళూ ఎలా మర్చిపోయాను? నీ షాపులో రోజూ వినపడే మాట అదే కదా. సెలవులకి వచ్చినప్పుడు బల్లకింద కూర్చుని తోలుముక్కలతో ఆడుకుంటూ ఎన్ని వేలసార్లు విన్నానో. "ఆయన సరిజోడు అయిందా?", "ఈవిడ సరిజోడుకి ఇంకో పొర ఎత్తు వెయ్యాలి." ఎత్తు తేడా సర్ది కుట్టిన జతని సరిజోడే కదా అంటారు.

ఆ మాట కొట్టి చూశా. ఒక్క షాపు లేదు! ఒక్క కంపెనీ లేదు! పోటీ అన్నదే లేదు మావయ్యా, మైదానమంతా మనదే. పేజీ మొత్తం సరిజోడు పేరుతో కొత్తగా రాశాను. నాలుగు రోజుల్లో మొదటి స్థానంలోకి వచ్చేసింది. నువ్వే చూసుకో.

తింటున్నా. నర్సమ్మాయి వండితే తింటున్నా, నేను వండితే ఇద్దరం బిస్కెట్లు తింటున్నాం.

నీ గడుగ్గాయ్

*

జూలై 20

అమ్మడూ,

చూశాను. ప్రింటింగు షాపాయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, నా వేలితోనే ఒక్కొక్క అక్షరం కొట్టించాడు. సరిజోడు. నొక్కగానే వచ్చింది! మొదటిది మనదే. రెండోది లేనే లేదు. మా గురువుగారు పెట్టుకున్న మాట ఆ అద్దంలో అంత పెద్ద అక్షరాల్లో చూసి, రెండుసార్లు పైకి చదివాను. మీ అత్తయ్యని కూడా పిలిచి చూపించాను. "బాగుంది, పొయ్యిమీద పాలున్నాయి" అని వెళ్ళిపోయింది.

ప్రింటింగాయన ఏదో ప్రశ్న అడిగాడు. ఆయనకి ప్రతిదానికీ ప్రశ్నే, నువ్వు పట్టించుకోకు.

ఒకటి చెప్పు. ఎవరైనా ఆ మాట వెతికితే నీకు తెలుస్తుందా? ఎన్నిసార్లు వెతికారో కూడా తెలుస్తుందా? ఊరికే అడుగుతున్నా.

వాన తగ్గింది. తోలు చుట్టలు దిగాయి, మేం మంచమెక్కాం.

మావయ్య

*

జూలై 28

మావయ్యా,

తెలుస్తుంది. ఎవరన్నది తెలీదు గానీ, ఎన్నిసార్లు, ఏ ఊరు అన్నది తెలుస్తుంది. రోజూ లేవగానే మొహం కడుక్కోకుండా చూస్తున్నా. నువ్వు చూసిన ఆ ఒక్కరోజు తప్ప అంతా సున్నా.

మొదటి స్థానంలో ఉన్నాం, చూసేవాళ్ళు లేరు. అర్థం కావట్లేదు. ఇవాళ ఆఫీసులో కూడా అదే ధ్యాసలో ఉండి ఒక పద్దు రెండుసార్లు ఎక్కించి తిట్లు తిన్నాను. నేర్చుకున్నానని పెద్ద గొప్పగా చెప్పుకున్నా. నేను ఆగమన్నాననే నువ్వు ఆ షోరూముకి జవాబు చెప్పకుండా ఆగావు. నా మాట నమ్మి ఆ ఉద్యోగం పోగొట్టుకుని, ఇక్కడ షాపూ నడవక, రెంటికీ చెడితే? నాకు భయంగా ఉంది మావయ్యా. రోజుకి ఐదారుసార్లు ఎవరైనా వెతికినా చాలు, కాస్త ఊపిరొస్తుంది.

గడుగ్గాయ్

*

ఆగస్టు 3

పిచ్చిదానా,

ఇంతదానికే కన్నీళ్ళా? మొక్క నాటిన మర్నాడే కాయలు కోస్తారా ఎవరైనా? నేను మొదటిసారి కుట్టిన జోడు చూసి మా గురువుగారు "రెండూ ఎడమవే కదరా" అన్నారు. అప్పుడు నేను కూడా వెనకగదిలో కూర్చుని ఏడ్చాను.

కాస్త ఓపిక పట్టు. వెతుకుతారు. నాకెందుకో వెతుకుతారనే అనిపిస్తోంది.

మావయ్య

*

ఆగస్టు 14

మావయ్యా మావయ్యా మావయ్యా!

నీ నోట్లో పంచదార పొయ్యాలి. వెతుకుతున్నారు! నువ్వు రాసిన వారంలోపే మొదలైంది. రోజుకి ఆరుసార్లు! అదీ మీ ఊరినుంచే! వెతికినవాళ్ళందరూ పేజీ తెరుస్తున్నారు కూడా. అలా వందకి వంద తెరవడం ఎక్కడా ఉండదుట, నేర్పినావిడకి చూపిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పొద్దున్నే షాపులు తెరిచేవేళకి వెతుకుతున్నారు, ఆదివారం మాత్రం లేదు. ఉద్యోగస్తులై ఉంటారు. నడిచి పనికెళ్ళేటప్పుడు కాలు నొప్పెట్టి గుర్తొస్తుందేమో.

షాపుకి ఎంతమంది వచ్చారు? నువ్వు ఆ సంగతే రాయవు, దిష్టి తగుల్తుందనా? ఇంక ఆలోచించకు, ఇల్లుగలాయనకి ఔనని చెప్పి సంతకం పెట్టెయ్. షోరూమువాళ్ళకి దణ్ణం పెట్టెయ్. అమ్మకి కూడా చెప్పేశాను. ఊరంతటికీ చెప్పేదాన్నే, ఇక్కడ నాకు తెలిసినవాళ్ళు తక్కువ.

నీ గడుగ్గాయ్ (ఇవాళ ఒక జానెడు పొడుగు పెరిగింది)

*

ఆగస్టు 22

అమ్మడూ,

సంతోషం. నువ్వు నవ్వుతూ రాసిన ఉత్తరం చదివి చాలా రోజులైంది, మూడుసార్లు చదువుకున్నాను.

షాపుకి వస్తున్నారు. అంటే, మరీ విరగబడి కాదు. వస్తారు. సంతకం సంగతి తొందరేముంది, నవంబరు దాకా గడువుంది కదా. ఇల్లుగలాయన కూడా ఊళ్ళో లేడు. ఉన్నాడు గానీ, తలనొప్పిగా ఉందన్నాడు.

ఆదివారం కూడా వెతికితే బాగుంటుందంటావా? రోజుకి పదైతే నీకు ఇంకా బాగుంటుందా?

వాతావరణం మారింది. ఒళ్ళు వెచ్చగా ఉంది, ఇవాళ్టికి ఇంతే.

మావయ్య

*

సెప్టెంబరు 6

మావయ్యా,

జ్వరం పూర్తిగా తగ్గిందా? అత్తయ్య రోజూ ఫోన్లో చెప్తూనే ఉంది. ఇంకో నాలుగు రోజులు చన్నీళ్ళలో చెయ్యి పెట్టకు.

ఇప్పుడు ఇంకో జ్వరం సంగతి. నువ్వు పడుకున్న వారమంతా సరిజోడు కూడా పడుకుంది. ఒక్కరంటే ఒక్కరు వెతకలేదు. అత్తయ్య ఫోన్ చేసి "లేచాడమ్మా, చెప్తే వినకుండా పక్క షాపుకి వెళ్ళాడు" అన్న రోజున పది. మర్నాడు పది. మొన్న ఆదివారం కూడా పది.

నేను లెక్కల ఆఫీసులో పనిచేస్తాను మావయ్యా. ఈమాత్రం కూడిక వచ్చు.

కోపం రాలేదు. ముందు నవ్వొచ్చింది. ఒంట్లో బాగోకపోయినా శాలువా కప్పుకుని, ఒక్క వేలితో ఆ అక్షరాలు వెతుక్కుంటూ కొడుతున్న నువ్వు కళ్ళముందు కనపడ్డావు. నవ్వి నవ్వి, తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నర్సమ్మాయి తలుపు కొట్టి "నీళ్ళన్నా మిగల్చు" అంది.

సంతకం పెట్టలేదని చెప్పు. దయచేసి పెట్టలేదని చెప్పు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు నేను నిన్ను తొందరపెట్టాను.

గడుగ్గాయ్

*

సెప్టెంబరు 12

అమ్మడూ,

పెట్టలేదు. కంగారుపడకు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నన్నెవరూ చూడట్లేదనుకున్నాను. నువ్వు ఐదారన్నావు కనక ఆరు కొట్టేవాణ్ణి. అన్నీ ఒక్కసారే కొడితే బాగోదని మధ్యమధ్యలో ప్రింటింగాయనతో కబుర్లు చెప్పేవాణ్ణి. ఒకరోజు నేను జిగురుపనిలో ఉంటే ఆయనే గోడవతల్నుంచి "ఇవాళ్టివి నేను కొట్టేశానండీ" అని కేకేశాడు. పాపం, మంచివాడు.

ఆయన మొదటిరోజు అడిగిన ప్రశ్న నీకు రాయలేదు కదూ. "ఈ సరిజోడన్న మాట మీకూ మీవాళ్ళకీ తప్ప ఇంకెవరికి తెలుసండీ?" అన్నాడు. మా గురువుగారు పెట్టిన మాట, నా షాపు గోడలు దాటి వెళ్ళనే లేదు. నాకూ అంతవరకూ తట్టలేదు సుమా. నువ్వు బల్లకింద పెరిగినదానివి, నీకెలా తడుతుంది? ఇంతలో నువ్వు సున్నా అని ఏడుస్తూ రాశావు. చూడలేకపోయాను. నువ్వు నవ్వితే చాలనుకున్నా గానీ, ఆ అంకెలు నమ్ముకుని నువ్వు నన్ను సంతకం పెట్టమంటావని ఊహించలేదు.

నువ్వు చేయగలిగింది చేశావు తల్లీ. షోరూమువాళ్ళకి ఔనని చెప్పేస్తాను. కొన్నాళ్ళు పోతే అలవాటైపోతుంది.

మావయ్య

*

సెప్టెంబరు 17

మావయ్యా,

చెప్పొద్దు! నవంబరు దాకా అన్నావు, నవంబరు ఇంకా రాలేదు. మాట తప్పితే అమ్మని పంపిస్తాను.

ప్రింటింగాయనకి నా దణ్ణాలు చెప్పు. నేర్పినావిడ కూడా అడగని ప్రశ్న అడిగాడు. పోటీ లేదని ఎగిరాను గానీ, అడిగేవాళ్ళే లేని చోట పోటీ ఎందుకుంటుంది? నీ పని అవసరమైనవాళ్ళకి సరిజోడు అన్న మాట తెలీదు. అసలు వాళ్ళ బాధకి మందు చెప్పుల్లో ఉందనే తెలీదు. మరి వాళ్ళు ఏమని వెతుకుతారు?

అందుకని ఇది అడుగుతున్నా, బాగా గుర్తు తెచ్చుకుని రాయి. కొత్తగా వచ్చిన మనిషి, నువ్వింకా నోరు విప్పకముందు, మొట్టమొదట ఏమంటారు? నీ మాటల్లో వద్దు, వాళ్ళన్నది అన్నట్టుగా. అత్తయ్యని కూడా అడుగు. ఆవిడ అభిప్రాయాలు కలిపినా పర్వాలేదు.

నీ గడుగ్గాయ్

*

సెప్టెంబరు 25

గడుగ్గాయ్‌కి,

రెండు సాయంత్రాలు ఇద్దరం కూర్చుని తవ్వాం. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

ఒకాయన దర్జీతో పోట్లాడి, ఆ ప్యాంటుతో సహా వచ్చాడు. "ఎవరు కుట్టినా నాకు ఒక కాలే పొడుగొస్తోందండీ, నేలకి రాసుకుంటోంది" అని. ఇంకొకామె, "ఏ ఫోటోలో చూసినా నా ఒక భుజం కిందికుంటోంది" అంది. "ఎక్కువసేపు నిలబడితే నడుం ఒకపక్కే లాగుతోంది, అన్ని మాత్రలూ అయిపోయాయి" అన్నవాళ్ళు చాలామంది. మీ అత్తయ్య చెప్పిందేమిటంటే, అందరికంటే ఎక్కువమంది అనేది, "ఎడమ చెప్పే ఎందుకు అరిగిపోతోంది, కుడిది కొత్తదిలాగే ఉంది, కొన్నచోట మోసం చేశారా?" అని. నిజమే. కుడి ఎడమలు మారతాయి గానీ మాట అదే. కొందరు మాట్లాడరు కూడా. చెప్పులు రెండూ బల్లమీద తిరగేసి పెట్టి, నా మొహంకేసి చూస్తారు.

రాసుకుంటూ ఉంటే ఒకటి గమనించాను. వీళ్ళలో ఒక్కరు కూడా సరిజోడు కావాలని రాలేదు. ఆ మాట ప్రతిసారీ నేనే అన్నాను, వాళ్ళు తొడుక్కుని వెళ్ళేటప్పుడు.

కానీ ఇవి అసలు షాపు మాటలు కావు కదే. వీటితో ఏం చేస్తావు?

ఇంకోటి. చెప్పు ఒకపక్కే అరిగిన ప్రతివాళ్ళకీ కాలు పొట్టిదని రాయకు. కొందరిది నడక అలవాటు. నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోవాలి. నేను డాక్టరు చీటీ రాసి పంపితేనే ఎత్తు వేస్తాను.

మావయ్య

*

అక్టోబరు 4

మావయ్యా,

నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే కొట్టి చూశాను. పెద్దపెద్ద అంకెలేం లేవు. కానీ సున్నా కాదు! అక్కడొకరు ఇక్కడొకరు, సరిగ్గా అవే మాటలు కొడుతున్నారు. వాళ్ళకి వస్తున్న జవాబులు చూస్తే కొత్త చెప్పులు కొనుక్కోమనేవే. వాటిలోనూ ఎడమదే అరుగుతుంది కదా.

పేజీ పేరు మార్చేశాను. "ఎడమ చెప్పే ఎందుకు అరిగిపోతోంది?" అదే పేరు. కింద, రెండు చెప్పులూ బల్లమీద తిరగేసి ఎలా పోల్చుకోవాలో రాశాను. డాక్టరు సంగతి నువ్వన్నట్టే పెట్టాను. నీ షాపు ఊసు చివర్లో నాలుగు లైన్లే. సరిజోడు అన్న మాట ఒక్కసారే, ఆఖర్న.

ఈసారి గొప్పలు చెప్పను. ఇది నెలలు పట్టొచ్చు. నవంబరుకి ఏమీ రాకపోవచ్చు కూడా. అప్పుడు నువ్వు షోరూముకే వెళ్ళు, నేను నోరెత్తను. ఏడుస్తాను గానీ నోరెత్తను.

ఒక్కటే వరం ఇవ్వు. నువ్వు వెతక్కు. ప్రింటింగాయన్ని కూడా వెతకొద్దను. గోడవతల్నుంచి కూడా.

నీ గడుగ్గాయ్

*

నవంబరు 19

గడుగ్గాయ్‌కి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, పనిలో ఉన్నాను.

ఒట్టు, ఒక్కసారి కూడా వెతకలేదు. కంప్యూటర్ ఉన్న గోడవైపే చూడట్లేదు. అయినా నా మాట నువ్వు నమ్మవు, నమ్మకపోవడమే న్యాయం కూడా. కాబట్టి ఈ ఉత్తరం సగం నేను రాసి, మిగతా సగం నా ఎదురుగా కూర్చున్నావిడకి ఇస్తున్నాను. బస్సు కండక్టరు. డాక్టరు చీటీతో మొన్న పదిరోజుల కిందట వచ్చింది, ఇవాళ జోడు తొడుక్కుంది. ఈమె కాక ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకాయన కుంటుకుంటూ వచ్చి, నన్నేమీ అడక్కుండా చెప్పులు తిరగేసి బల్లమీద పెట్టాడు.

నలుగురితో షాపు నిలబడుతుందో లేదో నాకు తెలీదు. నిన్నటిదాకా షోరూముకే మనసు సిద్ధం చేసుకుంటున్నాను. ఇక ఆవిడ రాస్తుంది. మీ అమ్మకి నా నమస్కారాలు.

నీ మావయ్య

అమ్మా,

మీ మావయ్యగారు ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. నేను మీ పేజీ డిపోలో బస్సు కోసం నిలబడి చూశాను. "ఎడమ చెప్పే ఎందుకు అరిగిపోతోంది" అని నేనే కొట్టాను, ఎవరూ చెప్పలేదు. అదే మాట పైన కనపడితే, ఎవరో నన్ను చూసి రాశారేమోనని భయమేసింది. చిన్నప్పట్నుంచీ మా అమ్మ "కాళ్ళీడ్చుకుంటూ నడవకే, బద్ధకం" అని తిట్టేది. నేను కూడా బద్ధకమే అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత, పరీక్ష చేసిన డాక్టరు చెప్పారు, నా కుడికాలు రెండు వేళ్ళ మందం పొట్టిదని, అందుకే ఎడమకాలు ఈడుస్తున్నానని. బద్ధకం కాదని.

ఇవాళ ఈ జోడు తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. మీ అత్తయ్యగారు వెనకనుంచి చూసి "ఈడవట్లేదమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. రోజంతా బస్సులో నిలబడతాను కనక ఇవి ఏడాదికి అరిగిపోతాయి. "మళ్ళీ వచ్చే ఏడాది వస్తాను, ఇక్కడే ఉంటారా?" అని గట్టిగా అడిగాను.

మీ మావయ్యగారు చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి, కొత్త అద్దె కాగితం తెచ్చి నా ముందే సంతకం పెట్టారు. సాక్షి కావాలంటే నేను పెట్టాను.